నెట్ లేని సిస్టమ్‌కి నెట్ డ్రైవర్ ఎక్కడి నుంచి తేవాలి?

(ఊరి గ్రంథాలయంలో విద్యార్థులు, టీచర్లు, ఇంటర్నెట్ సెంటర్లు నడిపేవాళ్ళ ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు తెరిచి పెట్టుకోండి, తెచ్చుకోనివాళ్ళు పక్కవాళ్ళది చూడండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఎక్స్ నొక్కండి. కింద ఒక జాబితా వస్తుంది, అందులో డివైస్ మేనేజర్ అని ఉంటుంది, అది తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ అన్న మాట పక్కన ఉన్న చిన్న బాణం నొక్కితే మీ వైఫై కార్డు పేరు, కేబుల్ గుచ్చే పోర్టు ఉంటే దాని పేరు కనిపిస్తాయి. కనిపించాయా? ఇవాళ అంతా బాగుంది కాబట్టి పేర్లు కనిపిస్తున్నాయి. ఆ కార్డును నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, పోయిన రోజున ఈ పేర్లు ఉండవు, ఆ రోజు మీకు నెట్ కూడా ఉండదు, వెతుక్కోవడానికి దారీ ఉండదు. అందుకే నెట్ బాగున్న రోజునే ఈ సంగతి మాట్లాడుకోవాలని వచ్చాను.

నేను 18 ఏళ్ళుగా సిస్టమ్‌లు బాగుచేస్తున్నాను. పని నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో, ఒక చిన్న షాపులో బల్ల పక్కన నిలబడి. ఈ 18 ఏళ్ళలో "వైఫై కార్డు కాలిపోయింది" అంటూ నా దగ్గరకు వచ్చిన లాప్‌టాప్‌లలో నిజంగా కార్డు పోయినవి చాలా తక్కువ. ఎక్కువ వాటికి డ్రైవరే లేదు, అంతే.

నిరుడు ఎప్‌సెట్ (పాత పేరు ఎంసెట్) వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో ఒక అమ్మాయి, వాళ్ళ నాన్నగారు వచ్చారు. అంతకు ముందు రోజు లాప్‌టాప్ స్లో అయిందని ఆ అమ్మాయి అన్నయ్య ఎవరి దగ్గరో పెన్ డ్రైవ్ తెచ్చి విండోస్ కొత్తగా వేశాడు. వేశాక వైఫై గుర్తే లేదు. ఒక షాపుకి తీసుకెళ్తే కార్డు పోయింది, కొత్తది తెప్పించాలి, రెండు మూడు రోజులు పడుతుందని చెప్పారట. ఆప్షన్లకు మర్నాడే ఆఖరు. ఆ నాన్నగారి ముఖంలో టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆయన ఆటో నడుపుతారు, ఆ రోజు బండి తీయకుండా దీని వెంట తిరుగుతున్నారు. నేను చేసిందల్లా ఆ అమ్మాయి చేతిలో ఉన్న ఫోన్ అడిగి తీసుకుని, చార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి గుచ్చి, యూఎస్‌బీ టెథరింగ్, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్ గుండా లాప్‌టాప్‌కి ఇచ్చే సెట్టింగ్, ఆన్ చేయడం. పది నిమిషాల్లో విండోస్ దానంతట అదే వైఫై డ్రైవర్ తెచ్చుకుంది. కార్డు బంగారంలా ఉంది. పరిష్కారం రెండు రోజులుగా ఆ అమ్మాయి చేతిలోనే ఉంది, చెప్పేవాళ్ళు లేరు. ఇది మీలో ఎవరికీ జరగకూడదు.

డ్రైవర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పేస్తాను. విండోస్ "ఈ ప్యాకెట్ (డేటా ముక్క) పంపించు" అని ఒక మామూలు ఆదేశం ఇస్తుంది. కార్డు మీద ఉన్న చిప్‌లో ఎక్కడ ఏ విలువ రాస్తే ఆ ప్యాకెట్ గాల్లోకి వెళ్తుందో విండోస్‌కి తెలియదు, ఆ చిప్ చేసినవాళ్ళకే తెలుసు. వాళ్ళు రాసిచ్చిన ఆ ప్రోగ్రామే డ్రైవర్. మరి కొన్ని లాప్‌టాప్‌లకు విండోస్ వేయగానే నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు, ఎందుకని? విండోస్ పెన్ డ్రైవ్‌లో కొన్ని వందల రకాల చిప్‌ల డ్రైవర్లు ముందే పెట్టి ఇస్తారు. కానీ ఆ పెన్ డ్రైవ్ తయారైన రోజుకి మీ చిప్ ఇంకా మార్కెట్‌లోకి రాకపోతే దానికి డ్రైవర్ ఎలా ఉంటుంది? మన దగ్గర చాలామంది ఎప్పుడో 2019లో చేసిన విండోస్ 10 పెన్ డ్రైవ్‌నే ఊరంతా తిప్పుతుంటారు, నిన్న మొన్న కొన్న లాప్‌టాప్‌లకి కూడా అదే వేస్తారు. నెట్ రాకపోవడానికి మొదటి కారణం అక్కడే ఉంది. పైగా విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్ట్ కూడా అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. దీన్ని మాత్రం రాసుకోండి. డ్రైవర్ వెతకాల్సింది లాప్‌టాప్ పేరుతో కాదు, చిప్ నంబరుతో.

డ్రైవర్ లేనప్పుడు డివైస్ మేనేజర్‌లో అదర్ డివైసెస్ అని ఒక వరుస కొత్తగా పుడుతుంది, దాని కింద పసుపు రంగు గుర్తుతో కొన్ని పేర్లు ఉంటాయి. ఈథర్నెట్ కంట్రోలర్ అని ఉంటే అది కేబుల్ పోర్టు. నెట్‌వర్క్ కంట్రోలర్ అని ఉంటే దాదాపు ఎప్పుడూ అది వైఫై. పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అని ఇంకొకటి ఉంటుంది, పేరు చూసి నెట్ కార్డు అనుకుని గంటలు గంటలు దాని వెనక పడినవాళ్ళను చూశాను. అది ఎక్కువగా ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్, దానికీ మీ నెట్‌కీ సంబంధం లేదు, తర్వాత చూసుకోవచ్చు. నెట్‌వర్క్ కంట్రోలర్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్ళండి, డీటెయిల్స్ అనే ట్యాబ్ తీయండి, అక్కడ కిందికి జారే పెట్టెలో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. నాలుగైదు పొడుగాటి వరుసలు వస్తాయి. చూస్తే భయం వేస్తుంది గానీ అందులో మనకు కావాల్సినవి రెండే ముక్కలు. వీఈఎన్ (VEN) తర్వాత ఉన్న నాలుగు అక్షరాలు, డీఈవీ (DEV) తర్వాత ఉన్న నాలుగు అక్షరాలు.

వీఈఎన్ అంటే చిప్ చేసిన కంపెనీ. పీసీఐ-సిగ్ అనే సంస్థ ఒక్కో కంపెనీకి ఒక్కో నంబరు ఇస్తుంది, ఒకరిది ఇంకొకరికి ఇవ్వదు. 8086 అని ఉంటే ఇంటెల్. ఈ నంబరు ఎక్కడో విన్నట్టుంది కదా, 1978లో వాళ్ళు తెచ్చిన ప్రాసెసర్ పేరు కూడా 8086, డిగ్రీలో మైక్రోప్రాసెసర్స్ చదివినవాళ్ళకు గుర్తుంటుంది. 10ఈసీ అని ఉంటే రియల్‌టెక్. 14సీ3 అయితే మీడియాటెక్. 168సీ అయితే ఎథెరాస్, ఇప్పుడు క్వాల్‌కామ్ చేతిలో ఉంది. 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్. మన దగ్గర దొరికే లాప్‌టాప్‌లలో నూటికి తొంభై పాళ్ళు ఈ ఐదింట్లో ఏదో ఒకటి ఉంటుందని నా అనుభవం. డీఈవీ అంటే ఆ కంపెనీవాళ్ళ చిప్‌లలో ఏ చిప్ అని. ఉదాహరణకు వీఈఎన్ 10ఈసీ, డీఈవీ 8168 అంటే రియల్‌టెక్ గిగాబిట్ ఈథర్నెట్ చిప్, డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల మీద నేను అన్నిటికంటే ఎక్కువగా చూసే నంబరు ఇదే. వీఈఎన్ 14సీ3, డీఈవీ 7961 అంటే మీడియాటెక్ ఎంటీ7921 వైఫై, ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లలో తరచుగా వస్తుంది. యూఎస్‌బీ డాంగిల్, అంటే బయట నుంచి గుచ్చే చిన్న వైఫై ముక్క, అయితే వీఈఎన్, డీఈవీ అని కాకుండా వీఐడీ (VID), పీఐడీ (PID) అని ఉంటుంది. లెక్క అదే. అక్కడ రియల్‌టెక్ నంబరు వేరు, 0బీడీఏ, ఎందుకంటే యూఎస్‌బీ నంబర్లు ఇచ్చే సంస్థ వేరు.

లాప్‌టాప్ పేరుతో ఎందుకు వెతకకూడదో చెప్తాను. ఒకే మోడల్ లాప్‌టాప్‌లో కంపెనీవాళ్ళు ఒక బ్యాచ్‌కి ఇంటెల్ కార్డు, ఇంకో బ్యాచ్‌కి రియల్‌టెక్, మరో బ్యాచ్‌కి మీడియాటెక్ పెడతారు. ఆ నెలలో ఏది దొరికితే అది. కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి మీ మోడల్ కొడితే వైఫై డ్రైవర్లు మూడు కనిపిస్తాయి. మూడింట్లో మీది ఏదో వెబ్‌సైట్ చెప్పదు, నంబరు చెప్తుంది. డాంగిల్స్ విషయంలో ఇది ఇంకా తేడాగా ఉంటుంది. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అని చాలామంది వాడిన డాంగిల్ ఉంది. దాని మొదటి వెర్షన్‌లో ఎథెరాస్ చిప్, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్. డబ్బా మీద పేరు అదే, లోపల మనిషే మారిపోయాడు. మొదటి వెర్షన్ డ్రైవర్ రెండో దానికి ఎంత కొట్టినా పడదు. అందుకే డాంగిల్ వెనక చిన్న అక్షరాల్లో వెర్షన్ ఎంతో రాసి ఉంటుంది, అది చూడాలి, లేదా పీఐడీ చూడాలి.

నంబరు దొరికింది, డ్రైవర్ ఎక్కడ తీసుకోవాలి? నా వరస చెప్తాను. మొదట లాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీ. లాప్‌టాప్ అడుగున సీరియల్ నంబరో, డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగో ఉంటుంది, అది కొడితే మీ మెషీన్‌కి సంబంధించినవే చూపిస్తుంది. రెండోది చిప్ కంపెనీ. ఇంటెల్ అయితే వాళ్ళ సైట్‌లోనే వైఫై డ్రైవర్లన్నీ ఒకే ప్యాకేజీగా ఇస్తారు, చాలా తేలిక. మూడోది చాలామందికి తెలియనిది, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ క్యాటలాగ్. విండోస్ అప్‌డేట్ లోపల ఏ గోదాము నుంచి డ్రైవర్లు తెస్తుందో ఆ గోదాము తలుపు ఇది. వెతికే పెట్టెలో మీ హార్డ్‌వేర్ ఐడీని, పీసీఐ అన్న మొదటి మాట నుంచి డీఈవీ నంబరు వరకు, ఉన్నది ఉన్నట్టు పెట్టండి. ఆ చిప్‌కి మైక్రోసాఫ్ట్ దగ్గర ఉన్న డ్రైవర్లన్నీ తేదీలతో సహా వస్తాయి. అవి క్యాబ్ ఫైళ్ళుగా దిగుతాయి, జిప్ తెరిచే సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకోవచ్చు.

ఈ మూడూ వదిలేసి చాలామంది ఏం చేస్తారంటే, గూగుల్‌లో వైఫై డ్రైవర్ ఫ్రీ డౌన్‌లోడ్ అని కొడతారు. దయచేసి అలా చేయకండి. నా షాపు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక ఇంటర్నెట్ సెంటర్ సిస్టమ్‌కి డ్రైవర్ కోసం నేనే అలాంటి ఒక సైట్‌లో పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కాను. డ్రైవర్ రాలేదు, "మీ డ్రైవర్లన్నీ పాతవైపోయాయి, డబ్బు కట్టండి" అనే సాఫ్ట్‌వేర్ ఒకటి వచ్చి కూర్చుంది, బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయింది, దాని వెనకే ఇంకో రెండు ప్రోగ్రాములు దిగాయి. ఆ సిస్టమ్ మీద రోజూ జనం ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేయించుకుంటారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు మొత్తం ఫార్మాట్ చేసి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు. సెంటర్లు నడిపేవాళ్ళు ఇక్కడ కొంతమంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను, మీ సిస్టమ్‌లో ఉన్నది మీ ఒక్కరి సమాచారం కాదు. డ్రైవర్ వెతికి పెట్టే సాఫ్ట్‌వేర్ అని వచ్చే వేటినీ ఆ మెషీన్ల మీద వేయకండి. డ్రైవర్ అంటే విండోస్ లోపలి గదిలోకి తాళం ఇచ్చి పంపినట్టే, ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకూడదు.

సరే, ఇదంతా చేయాలంటే నెట్ కావాలి కదా, నెట్ లేకనే కదా ఈ తిప్పలు. అందుకే ఫోన్ సంగతి మళ్ళీ చెప్తాను, ఈసారి నిదానంగా. ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకోండి. కేబుల్ మాత్రం డేటా వెళ్ళేది అయి ఉండాలి, కొన్ని చవక కేబుళ్ళు చార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు, చాలామంది దగ్గర పని ఆగేది ఇక్కడే. ఫోన్‌ని లాప్‌టాప్‌కి గుచ్చి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్‌లోకి వెళ్ళి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. కేబుల్ గుచ్చకముందు ఆ బటన్ నొక్కడానికి రాదు, కంగారు పడకండి. చాలా ఫోన్లను విండోస్ ఒక మామూలు నెట్‌వర్క్ కార్డులాగే గుర్తుపడుతుంది, దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. మొబైల్ డేటా అయిపోతుందని భయమా? ఫోన్‌ని ఇంట్లో వైఫైకి కలిపి ఉంచి టెథరింగ్ పెట్టండి, చాలా ఫోన్లలో ఆ వైఫై నెట్టే కేబుల్ గుండా లాప్‌టాప్‌కి వస్తుంది. ఐఫోన్ అయితే ఇంత సులువు కాదు, దానికి ఆపిల్ డ్రైవర్ ముందే లాప్‌టాప్‌లో ఉండాలి, కాబట్టి ఆ కాసేపటికి ఇంట్లో ఇంకెవరిదైనా ఆండ్రాయిడ్ అడగండి.

నెట్ వచ్చిందా, ఇక సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌కి వెళ్ళి చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది. అవ్వకపోతే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ అని ఉంటుంది, దాని లోపల డ్రైవర్ అప్‌డేట్స్ అని విడిగా ఉంటాయి, మీ కార్డు పేరు కనిపిస్తే టిక్ పెట్టి దించండి. అక్కడా లేకపోతే అప్పుడు నేను చెప్పిన మూడు చోట్లకు వెళ్ళండి.

టెథరింగ్ కుదరలేదనుకోండి, ఇంకో సిస్టమ్‌లోనో ఫోన్‌లోనో డ్రైవర్ దించి పెన్ డ్రైవ్‌లో తేవాలి. సెటప్ ఫైల్ అయితే డబుల్ క్లిక్ చేస్తే సరి. జిప్పో, క్యాబో అయితే ముందు ఒక ఫోల్డర్‌లోకి పూర్తిగా విప్పుకోవాలి, జిప్ లోపల నుంచే నడపడానికి చూస్తే పని కాదు. విప్పాక లోపల ఐఎన్ఎఫ్ అనే చివరతో ఒక ఫైల్ ఉంటుంది. అది మామూలు అక్షరాల ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరవండి, మీ డీఈవీ నంబరు వెతకండి. ఆ నంబరు అందులో ఉంటే ఆ డ్రైవర్ మీ చిప్‌దే. లేకపోతే అది మీది కాదు, బలవంతంగా వేయొద్దు. ఈ ఒక్క చిన్న పరీక్ష నాకు ఎన్ని గంటలు మిగిల్చిందో లెక్కలేదు. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆ పసుపు గుర్తు మీద రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్ మై కంప్యూటర్, ఆ ఫోల్డర్ చూపించండి, సబ్ ఫోల్డర్లు కూడా చూడమనే చోట టిక్ ఉండాలి. అంతే.

విండోస్ 11 హోమ్ కొత్తగా వేసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. మధ్యలో నెట్‌కి కలపమంటుంది, వైఫై డ్రైవర్ లేకపోతే జాబితా ఖాళీగా ఉంటుంది, ముందుకు వెళ్ళనివ్వదు. చాలామంది లాప్‌టాప్ పాడైందనుకుంటారు. కొత్త వెర్షన్లలో ఆ పేజీలోనే డ్రైవర్ వేసుకునే బటన్ ఇచ్చారు, విప్పి పెట్టుకున్న ఫోల్డర్ పెన్ డ్రైవ్‌లో ఉంటే చాలు. లేదంటే ఆ పేజీలో కూడా ఫోన్ టెథరింగ్ చాలావరకు పనిచేస్తుంది, నేను మొదట అదే ప్రయత్నిస్తాను.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే మాట. ఫార్మాట్ చేయించే ముందు డ్రైవర్లను దాచుకోండి. ఫొటోలు దాచుకుంటారు, పెళ్ళి వీడియోలు దాచుకుంటారు, డ్రైవర్లు ఎవరూ దాచుకోరు. ఒక్క లైను చాలు. బోర్డు మీద రాశాను, చూసి రాసుకోండి. ముందు పెన్ డ్రైవ్‌లో డ్రైవర్స్ అని ఒక ఫోల్డర్ చేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పీఎన్‌పీయుటిల్, ఖాళీ, స్లాష్ ఎక్స్‌పోర్ట్ హైఫన్ డ్రైవర్, ఖాళీ, స్టార్, ఖాళీ, ఆ ఫోల్డర్ దారి (pnputil /export-driver * ఫోల్డర్ దారి). ఎంటర్ కొట్టండి. విండోస్‌తో వచ్చినవి కాకుండా బయట నుంచి వేసిన డ్రైవర్లన్నీ, వైఫై, ఆడియో, టచ్‌ప్యాడ్, అన్నీ ఒక్కోటి ఒక్కో ఫోల్డర్‌గా ఆ పెన్ డ్రైవ్‌లోకి వస్తాయి. ఫార్మాట్ అయ్యాక ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు, నెట్ అక్కర్లేదు, వెతుకులాట అక్కర్లేదు. పాత రోజుల్లో మదర్‌బోర్డుతో ఒక సీడీ వచ్చేది, అది పోతే ఎంత బాధపడేవాళ్ళమో ఇక్కడున్న పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ సీడీని ఇప్పుడు మనమే చేసుకోవచ్చు. ఎవరి దగ్గరైనా ఫార్మాట్‌కి ఇచ్చేటప్పుడు "డ్రైవర్లు బ్యాకప్ తీశారా" అని ఒక్క మాట అడగండి, అడిగే హక్కు మీకుంది.

అన్ని నెట్ సమస్యలూ డ్రైవర్ వల్ల కాదు, అది కూడా చెప్పాలి, లేకపోతే ఇవాళ్టి నుంచి అందరూ డ్రైవర్ల మీద పడతారు. డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు బాగానే ఉండి, కిందికి చూసే బాణం గుర్తు ఉంటే అది ఆపేసి ఉంది, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ నొక్కండి. పేరు బాగుంది, వైఫైకి కలుస్తోంది, కానీ నెట్ రావట్లేదు, లాప్‌టాప్‌కి వచ్చిన నెట్‌వర్క్ అడ్రస్, అంటే ఐపీ, చూస్తే 169.254తో మొదలవుతోంది అంటే డ్రైవర్ పనిచేస్తోంది, రౌటర్ నుంచి అడ్రస్ రావట్లేదు, చూడాల్సింది రౌటర్ వైపు. ప్రాపర్టీస్‌లో కోడ్ 28 అని ఉంటే డ్రైవర్ లేదు. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉంది కానీ కార్డు మొదలవలేదు, వేరే వెర్షన్ వేసి చూడాలి. అసలు కార్డు పేరు ఎక్కడా, అదర్ డివైసెస్‌లో కూడా లేకపోతే చార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని మళ్ళీ ఆన్ చేయండి. బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్స్‌లో, వైఫై ఆపేసి ఉందేమో చూడండి. అప్పటికీ రాకపోతే అప్పుడు కార్డును అనుమానించాలి, అంతకు ముందు కాదు.

ఒక తమ్ముడు ఆన్‌లైన్‌లో ఇంటెల్ ఏఎక్స్201 వైఫై కార్డు కొని ఏఎమ్‌డీ లాప్‌టాప్‌లో పెట్టి నెల రోజులు డ్రైవర్ల కోసం తిరిగాడు. ఏఎక్స్201 చూడటానికి ఏఎక్స్200 లాగే ఉంటుంది, స్లాట్‌లో కూడా కూర్చుంటుంది, కానీ దాని పనిలో సగం ఇంటెల్ ప్లాట్‌ఫామ్ లోపల జరుగుతుంది, కార్డు మీద ఉన్నది మిగతా సగమే. ఏఎమ్‌డీలో ఆ మొదటి సగం లేదు. ప్రపంచంలో ఏ డ్రైవర్ వేసినా అది లేవదు. ఏఎక్స్200 కొనుంటే సరిపోయేది. కార్డు మార్చాలనుకునేవాళ్ళు కొనేముందు ఇది చూసుకోండి. అలాగే విండోస్ 7 వదలనివాళ్ళు ఉన్నారు, ఏఎక్స్200, ఏఎక్స్210 లాంటి కార్డులకు ఇంటెల్ విండోస్ 7 డ్రైవరే ఇవ్వలేదు, వెతికి లాభం లేదు.

లినక్స్ వాడే పిల్లలు వెనక కూర్చున్నారు, వాళ్ళకు ఒక్క మాట. అక్కడ డ్రైవర్లు ఎక్కువగా లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోనే ఉంటాయి, ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్ ఎన్ఎన్‌కే కలిపి (lspci -nnk) కొడితే మీ చిప్ నంబరు, దాన్ని ఏ డ్రైవర్ నడుపుతోందో రెండూ చూపిస్తుంది. నంబరు అక్కడా ఇదే, 8086 అక్కడా ఇంటెలే. డ్రైవర్ ఉన్నా వైఫై రాకపోతే కార్డులోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్ ఫైల్ లేదేమో చూడండి. బ్రాడ్‌కామ్ కార్డులకు ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్ తెరిచి చూడాలి. ఫోన్ టెథరింగ్ అక్కడ కూడా చక్కగా పనిచేస్తుంది.

ప్రశ్నలు ఉంటే అడగండి. అమ్మా, మీరు చెప్పండి... ఇంట్లో రౌటర్‌కి రెండు పేర్లు వస్తున్నాయి, ఫోన్‌లో రెండూ కనిపిస్తున్నాయి, లాప్‌టాప్‌లో ఒకటే కనిపిస్తోంది, డ్రైవర్ మార్చాలా అంటున్నారు. బహుశా అక్కర్లేదమ్మా. ఆ రెండో పేరు 5 గిగాహెర్ట్జ్‌ది. మీ లాప్‌టాప్ కార్డు మొదటిదాని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టేది అయితే ఎంత కొత్త డ్రైవర్ వేసినా రెండోది కనిపించదు. కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ష్, డబ్ల్యూలాన్, షో డ్రైవర్స్ (netsh wlan show drivers) అని కొట్టండి, మీ కార్డు ఏయే రకాలు పడుతుందో చెప్తుంది. అందులో 802.11ఏ గానీ ఏసీ గానీ ఏఎక్స్ గానీ లేకపోతే అది 2.4 కార్డే. చవకలో ఒక డ్యూయల్ బ్యాండ్ డాంగిల్ కొనుక్కుంటే సరిపోతుంది.

ఆ పెద్దాయన అడుగుతున్నది మంచి ప్రశ్న. నిన్నటి వరకు బాగుంది, విండోస్ అప్‌డేట్ అయ్యాక వైఫై మాటిమాటికీ పోతోంది. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్ తీసి, డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి అండి, పాతది తిరిగి వస్తుంది. ఆ బటన్ మసకగా ఉంటే పాతది నిల్వ లేదన్నమాట, అప్పుడు కంపెనీ సైట్ నుంచి ఒక వెర్షన్ పాతది తెచ్చుకోండి. పనిలో పనిగా పక్కనే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదా కోసం ఈ కార్డును ఆపేయొచ్చు అన్న చోట టిక్ తీసేయండి, మాటిమాటికీ పోయే వైఫైలో చాలావాటికి అదే మందు.

తమ్ముడి దగ్గర డాంగిల్ ఉంది, గుచ్చితే నెట్ రాకుండా ఒక సీడీ డ్రైవ్ కనిపిస్తోందట. అది చెడిపోలేదు. కొన్ని డాంగిల్స్ తమ డ్రైవర్‌ని తమలోనే దాచుకుని మొదట సీడీలా కనిపిస్తాయి. ఆ సీడీ తెరిచి లోపలి సెటప్ నడుపు, తర్వాత అదే వైఫైగా మారుతుంది. మారకపోతే ఆ సీడీ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టి చూడు.

చివరగా ఒకటి, వైఫైతో పాటు బ్లూటూత్ కూడా పోయిందని ఎవరో చీటీ పంపారు. లాప్‌టాప్‌లలో రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి, కానీ బ్లూటూత్ భాగం ఎక్కువగా లోపల యూఎస్‌బీ దారిలో కలుస్తుంది, దాని నంబరు వేరు, డ్రైవర్ వేరు. వైఫై డ్రైవర్ వేశాక బ్లూటూత్ రాలేదని మళ్ళీ అదే వేయకండి, అదర్ డివైసెస్‌లో ఇంకో పసుపు గుర్తు ఉంటుంది, దాని వీఐడీ, పీఐడీ చూసి దాని డ్రైవర్ విడిగా దించుకోండి.

ఇంకో గంట ఇక్కడే ఉంటాను. నెట్ రాని లాప్‌టాప్ తెచ్చినవాళ్ళు చార్జర్, ఒక డేటా కేబుల్ పట్టుకుని ఈ టేబుల్ దగ్గరకు రండి. నంబరు మీరే చదివి చెప్పండి, నేను పక్కన ఉంటాను.